భూగోళశాస్త్రము: మూలభావనలు, పరిభాష

భూమి ఉపరితలమున ఒక చోటికిని వేఱొక చోటికిని గల భేదములను, ఆ భేదములకు మూలమైన కారణములను, వానితో పెనవేసికొనిన మానవజీవనమును పరిశీలించు శాస్త్రము భూగోళశాస్త్రము. శిలల నిర్మాణము భూగర్భశాస్త్రమునకు, వాయువుల చలనము వాతావరణశాస్త్రమునకు, సస్యజాతులు వృక్షశాస్త్రమునకు, సంఘముల వృద్ధిక్షయములు చరిత్రకును అర్థశాస్త్రమునకును విషయములై యుండగా, ఇవి యన్నియు ఒక్క స్థలమున కూడినపుడు ఆ స్థలమునకు ఏర్పడు ప్రత్యేకస్వభావమే భూగోళశాస్త్రమునకు విషయము. "ఇది యెక్కడ నున్నది?" అను ప్రశ్నతో నారంభమై, "ఇది యిచ్చటనే యేల యున్నది?" అను ప్రశ్నతో పరిణతి నొందుట ఈ శాస్త్రలక్షణము. కావున ఇందలి పారిభాషికపదములు కంఠస్థము చేయవలసిన పేర్ల పట్టికగా కాక, సంబంధముల సూచికలుగా గ్రహింపవలసినవి. ప్రతి పదమును రెండు స్థలముల నడుమనో, స్థలమునకును కాలమునకును నడుమనో, నేలకును మనుష్యునకును నడుమనో గల యొక సంబంధమును నిర్దేశించును.

ఈ శాస్త్రమునకు రెండు ప్రధానశాఖలు గలవు. పర్వతములు, నదులు, సముద్రములు, శీతోష్ణస్థితి, మృత్తికలు మొదలగువానిని వివరించునది ప్రాకృతిక భూగోళశాస్త్రము. జనసంఖ్య, గ్రామనగరములు, వ్యవసాయము, పరిశ్రమలు, రవాణామార్గములు మొదలగువానిని వివరించునది మానవ భూగోళశాస్త్రము. ఈ విభాగము అధ్యయనసౌకర్యమునకై యేర్పడినదే గాని, నేలపై నట్టి సరిహద్దు కానరాదు. ఆధునిక భూగోళశాస్త్రమునకు పునాదులు వేసిన జర్మను విద్వాంసులు అలెగ్జాండర్ ఫాన్ హుంబోల్టు (1769–1859), కార్ల్ రిట్టర్ (1779–1859) ఇరువురును, ఒకరు ప్రకృతిపరిశీలనము ద్వారమునను, ఒకరు మానవచరిత్ర ద్వారమునను, ఈ సమగ్రదృష్టినే ప్రతిపాదించిరి.

భూమి ఆకారము, పరిమాణము

భూమి గోళాకారమైన దను జ్ఞానము మిక్కిలి ప్రాచీనము. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున ఈజిప్టులోని అలెగ్జాండ్రియాయందు నివసించిన ఎరటోస్తనీసు అను గ్రీకు విద్వాంసుడు, గ్రీష్మాయనాంతమునాటి మధ్యాహ్నమున దక్షిణమున నున్న సయీనీ పట్టణమున సూర్యుడు సరిగా నడినెత్తిన నుండగా, అదే సమయమున అలెగ్జాండ్రియాలో సూర్యకిరణములు నిట్టనిలువు గీతకు పూర్ణవృత్తములో ఏబదవ భాగమంత కోణముతో వ్రాలుచున్నవని గుర్తించి, ఆ రెండు పట్టణముల నడిమి దూరమును ఏబదింతలు చేసి భూపరిధిని లెక్కించెను. భూమినంతయు చుట్టిరాకయే, ఒక నీడను కొలిచి దాని పరిమాణము నెఱుంగుట మానవమేధ సాధించిన మహాకార్యములలో నొకటి. భారతదేశమున ఆర్యభటుడు క్రీ. శ. 499లో రచించిన ఆర్యభటీయమున భూమి గోళాకారమైనదనియు, నక్షత్రములు పడమటికి సాగుచున్నట్లు తోచుటకు భూమి తన యక్షముపై భ్రమించుటయే కారణమనియు ప్రతిపాదించెను.

భూమి పరిపూర్ణగోళము కాదు. ఆత్మభ్రమణము వలన మధ్యభాగము కొంత ఉబ్బి, ధ్రువములకడ కొంత అణగియున్నది. భూమధ్యరేఖకడ వ్యాసార్ధము 6,378 కిలోమీటర్లు, ధ్రువములకడ 6,357 కిలోమీటర్లు. భూమధ్యరేఖపై పరిధి 40,075 కిలోమీటర్లు. ఉపరితలమున ఇంచుమించు 71 శాతము జలము, 29 శాతము నేల. అత్యున్నతమైన ఎవరెస్టు శిఖరము సముద్రమట్టమునకు 8,849 మీటర్ల యెత్తున నుండగా, అత్యగాధమైన మరియానా కందకము సుమారు 11,000 మీటర్ల లోతున నున్నది. ఈ రెంటి అంతరము ఇంచుమించు 20 కిలోమీటర్లే. ఇంతటి భూగోళమునకు అది స్వల్పమైనను, సమస్తజీవరాశియు ఆ పలుచని పొరయందే వసించుచుండుటచేత, భూగోళశాస్త్రమునకు అదియే సర్వప్రధానమైన క్షేత్రమైనది.

స్థాననిర్దేశము: అక్షాంశములు, రేఖాంశములు

గోళముపై నొక బిందువును నిర్దేశించుటకు రెండు కొలతలు కావలెను. భూమధ్యరేఖనుండి ఉత్తరమునకు గాని దక్షిణమునకు గాని ఆ బిందువు ఎంత కోణదూరమున నున్నదో తెలుపునది అక్షాంశము. మూలరేఖాంశమునుండి తూర్పునకు గాని పడమరకు గాని ఎంత కోణదూరమున నున్నదో తెలుపునది రేఖాంశము. హైదరాబాదు 17°23′ ఉత్తర అక్షాంశమునను, 78°29′ తూర్పు రేఖాంశమునను ఉన్నదన్నచో, భూమిపై మఱియే నగరమునకును చెల్లని చిరునామా దానికి లభించినట్లే.

అక్షాంశము ప్రకృతిసిద్ధము. భూమి భ్రమించుచున్నది గనుక దానికి ధ్రువములు గలవు. ధ్రువములు గలవు గనుక వానికి సమదూరమున నొక మధ్యరేఖ కలదు. ఉత్తరార్ధగోళమున ధ్రువనక్షత్రము దిఙ్మండలమునుండి ఎన్ని అంశల యెత్తున కానవచ్చునో, ఆ స్థలముయొక్క అక్షాంశము ఇంచుమించు అన్ని అంశలే యగును. కన్యాకుమారిలో అది సుమారు 8 అంశల యెత్తున, హైదరాబాదులో 17 అంశల యెత్తున, ఢిల్లీలో 28 అంశలకు పైగా కనబడును. ఒక అక్షాంశమునకును తరువాతి అక్షాంశమునకును నడుమ దూరము ఎల్లెడల సుమారు 111 కిలోమీటర్లు.

రేఖాంశమునకు మాత్రము ప్రకృతిసిద్ధమైన ఆరంభము లేదు. ధ్రువమునుండి ధ్రువమునకు సాగు అర్ధవృత్తము లన్నియు సమానములే గనుక, దేనినుండి లెక్కింపవలెనన్నది మానవుల ఒప్పందము. భారతీయ సిద్ధాంతజ్యోతిషమున ఉజ్జయినిమీదుగా పోవు రేఖ మూలరేఖగా నెన్నబడెను. 1884లో వాషింగ్టను నగరమున జరిగిన అంతర్జాతీయసమావేశము ఇంగ్లండులోని గ్రీనిచ్ రేఖను సున్నగా నంగీకరించెను. రేఖాంశముల నడిమి దూరము భూమధ్యరేఖకడ 111 కిలోమీటర్లు, హైదరాబాదు అక్షాంశమున సుమారు 106 కిలోమీటర్లు, ధ్రువములకడ శూన్యము.

రేఖాంశమును కనుగొనుట వాస్తవమునకు కాలమును కొలుచుటయే. నడిసముద్రమున నున్న నావికుడు తా నున్నచోట మధ్యాహ్నమైనపుడు మూలరేఖయందు ఎంత కాలమైనదో తెలిసికొనగల్గినచో, ఆ భేదమే అతని రేఖాంశము. అయినను, ఓడ ఊపునకును వేడిమి మార్పులకును తప్పక నడచు గడియారము లేకపోవుటచే శతాబ్దములపాటు నావలు దారితప్పి నశించెను. బ్రిటిషు పార్లమెంటు 1714లో ప్రకటించిన బహుమానమునకై కృషిచేసిన జాన్ హారిసన్ అను గడియారపు పనివాడు నిర్మించిన నాలుగవ యంత్రము, 1761–62 నాటి జమైకా యాత్రలో ఈ చిక్కును విడదీసెను.

కాలము, ఋతువులు

భూమి 24 గంటలలో 360 అంశలు తిరుగును. కావున గంటకు 15 అంశలు, అంశకు 4 నిమిషములు. ప్రతి ఊరును తన సూర్యునిబట్టి తన కాలమును పాటించినచో రైళ్లును తంతివార్తలును నడువజాలవు. అందుచే పెక్కు దేశములు ఒక ప్రమాణరేఖాంశము నెన్నుకొనును. భారతదేశమునకు అది 82°30′ తూర్పు రేఖాంశము. ఉత్తరమున మీర్జాపురము, దక్షిణమున కాకినాడ సమీపముగా అది సాగును. 1906 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ ప్రమాణకాలము గ్రీనిచ్ కాలమునకు ఐదున్నర గంటలు ముందున్నది. హైదరాబాదు ఆ రేఖకు నాలుగు అంశలు పడమర నుండుటచేత, అచ్చట సగటున సూర్యుని మధ్యాహ్నము గడియారపు పండ్రెండు గంటలకు పదునాఱు నిమిషములు వెనుకబడును. అరుణాచలప్రదేశపు తూర్పుకొనయందు సూర్యోదయమైన దాదాపు రెండు గంటలకు గుజరాతు పడమటికొనయందు సూర్యోదయమగును. ఇరుచోట్లను గడియారము ఒక్కటియే.

ఋతుభేదమునకు సూర్యునినుండి భూమికి గల దూరము కారణమని పలువురు తలంతురు. నిజమునకు భూమి సూర్యునికి అత్యంత సమీపమునకు వచ్చునది జనవరి ఆరంభమున, ఉత్తరార్ధగోళమున చలికాలము నడచుచుండగనే. భూమియక్షము కక్ష్యాతలమునకు లంబముగా నుండక సుమారు 23½ అంశలు వాలియుండుటయే ఋతువులకు మూలము. ఆ వాలుచేత, సంవత్సరమున ఒక భాగమున ఉత్తరార్ధగోళమునకును, మఱియొక భాగమున దక్షిణార్ధగోళమునకును సూర్యకిరణములు నిటారుగా పడును. సూర్యుడు నడినెత్తికి రాగల ఉత్తరపు మేర కర్కటరేఖ, దక్షిణపు మేర మకరరేఖ. రాత్రింబవళ్లు సమానమగు మార్చి, సెప్టెంబరు దినములు విషువత్తులు. జూను, డిసెంబరు దినములు అయనాంతములు.

తెలుగుదేశమంతయు కర్కటరేఖకు దక్షిణమున నుండుటచే, ఇచ్చట సూర్యుడు ఏటికి రెండుమారులు నడినెత్తికి వచ్చును. హైదరాబాదులో ఇది మే నెల పూర్వార్ధమున నొకసారి, ఆగస్టు ఆరంభమున నొకసారి జరుగును. సూర్యుని స్థానము రెండుమారులు నొక్కటియే యైనను, మే నెలలో నిప్పులు చెఱగు ఎండ, ఆగస్టులో మేఘచ్ఛాయ. అక్షాంశ మొక్కటియే ఒక చోటి వేడిమిని నిర్ణయింపదనియు, గాలియు నీరును అందు పాలుపంచుకొనుననియు దీనివలన తేటపడుచున్నది.

పటము

భూగోళశాస్త్రమునకు భాష పటము. ప్రతి పటమునకును దిక్కు, స్కేలు, సంకేతములు, ప్రక్షేపము అను నాలుగు అంగములు గలవు. పటముపై దూరమునకును నేలపై దూరమునకును గల నిష్పత్తి స్కేలు. 1:50,000 స్కేలుగల పటమున రెండు సెంటీమీటర్లు నేలపై నొక కిలోమీటరు. కొద్దిపాటి ప్రదేశమును వివరముగా చూపునది పెద్దస్కేలు పటము. విస్తారప్రదేశమును సంగ్రహముగా చూపునది చిన్నస్కేలు పటము. పొలముల హద్దులను చూపు గ్రామపటము మొదటి జాతి, ప్రపంచపటము రెండవ జాతి.

బత్తాయి తొక్కను చింపక సాగదీయక బల్లపై చదునుగా పఱచుట ఎట్లసాధ్యమో, గోళోపరితలమును వికృతి లేకుండ కాగితముపై నుంచుటయు నట్లే యసాధ్యము. ఆకారము, వైశాల్యము, దూరము, దిశ అను గుణములలో దేనిని కాపాడి దేనిని విడువవలెనో ప్రయోజనమునుబట్టి నిర్ణయించు గణితపద్ధతియే ప్రక్షేపము. 1569లో మెర్కేటరు ప్రకటించిన ప్రక్షేపము నావికులకు దిశలను సరిగా తెలుపును గాని, ధ్రువసమీపదేశములను మిక్కిలి పెద్దవిగా చూపును. గ్రీన్‌లాండుకంటె ఆఫ్రికా ఖండము పదునాలుగు రెట్లు పెద్దదయ్యు, ఆ పటమున రెండును ఇంచుమించు సమానముగా కనబడును. పటము అబద్ధమాడదు, దాని ప్రయోజన మెఱుగక చదువువాడు పొరబడును.

ఎత్తుపల్లములను చూపుటకు సముద్రమట్టమునుండి సమానమైన యెత్తునగల బిందువులను కలుపు సమోన్నతిరేఖలు గీయుదురు. ఈ రేఖలు దట్టముగా నున్నచోట నిటారైన వాలు, ఎడముగా నున్నచోట మెల్లని వాలు. ఇట్టి పటములకు ఆధారమైన త్రిభుజీకరణమనగా, ఒక భుజమును కచ్చితముగా కొలిచి, తక్కిన వానిని కోణములద్వారా గణించు పద్ధతి. 1802లో మద్రాసు సమీపమున సెయింట్ థామస్ మౌంటువద్ద విలియం లాంబ్టన్ మొదటి ఆధారరేఖను కొలిచి ప్రారంభించిన సర్వేక్షణము, దశాబ్దములపాటు ఉత్తరముగా సాగి హిమాలయములను చేరెను. ఆ కొలతల నాధారము చేసికొని, వంగదేశీయుడైన రాధానాథ్ సిక్దార్ 1852లో జరిపిన గణనమే అత్యున్నతశిఖరమును వెల్లడించెను.

నేల స్వరూపము

నేల స్వరూపమును తీర్చునవి రెండు విధములైన శక్తులు. భూగర్భమునుండి పుట్టి నేలను ఎత్తునవి, మడచునవి, చీల్చునవి అంతర్గతశక్తులు. ఎండ, వాన, గాలి, నది, అల, హిమానీనదము అనునవి ఎత్తైనదానిని అరగదీసి పల్లమును పూడ్చు బహిర్గతశక్తులు. శిల ఉన్నచోటనే శిథిలమగుట శైథిల్యము. శిథిలమైనది కొట్టుకొనిపోవుట క్రమక్షయము. కొట్టుకొనిపోయినది చేరుట నిక్షేపణము. ఖండములు కదలుచున్నవను సిద్ధాంతమును 1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ ప్రకటించినపుడు ఆదరణము లభింపలేదు. తరువాతి సముద్రగర్భపరిశోధనములచే అది ఫలకసిద్ధాంతముగా స్థిరపడెను. భారతఫలకము యురేషియాఫలకముతో ఢీకొనుటచే ముడుతపడి లేచినవి హిమాలయములు.

పర్వతము, పీఠభూమి, మైదానము అనునవి మూడు ప్రధానరూపములు. ఎత్తుగనుండియు పైభాగము విశాలమై చదునుగా నున్నది పీఠభూమి. దక్కను ఇందుకు ప్రసిద్ధోదాహరణము. అందు వాయవ్యభాగము సుమారు ఆఱున్నర కోట్ల సంవత్సరముల క్రిందట పొంగి పఱచుకొనిన లావాపొరలచే నేర్పడగా, ఆ శిలలు శిథిలమై నల్లరేగడి నేలలు పుట్టినవి. సున్నపురాతి ప్రదేశములలో, బొగ్గుపులుసువాయువును కలుపుకొనిన వాననీరు శిలను కరగించి గుహలను తొలుచును. విశాఖమన్యములోని బొఱ్ఱా గుహలు, రాయలసీమలోని బెలుము గుహలు అట్లేర్పడినవే.

నది: గోదావరి నిదర్శనము

నదీపరిభాషను గ్రహించుటకు గోదావరికంటె తగిన నిదర్శనము తెలుగువారికి లేదు. నది పుట్టుచోటు ఉద్గమస్థానము. గోదావరి మహారాష్ట్రమున నాసికజిల్లాలోని త్ర్యంబకమువద్ద, అరేబియా సముద్రమునకు 80 కిలోమీటర్ల దూరముననే పుట్టియు, దక్కను పీఠభూమి తూర్పునకు వాలియుండుటచే ఆ సముద్రమునకు విముఖమై, 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియును. రెండువైపులకు నీరు విడిపోవు ఎత్తైన గీటు జలవిభాజకము. ఇచ్చట పడమటికనుమలే అట్టి విభాజకము.

ప్రధాననదిలో వచ్చి కలియునది ఉపనది. మంజీర, మానేరు, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి గోదావరికి ఉపనదులు. వీనిలో ప్రాణహిత, వార్ధా వైనగంగల జలములను కాళేశ్వరమువద్దకు తెచ్చును. ఒక నదికిని దాని ఉపనదులకును నీరు సమకూర్చు సమస్తప్రదేశమును పరీవాహకప్రాంతమందురు. గోదావరికి అది మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది.

నది తూర్పుకనుమలను ఛేదించుకొని పాఱుచోట పాపికొండల నడుమ ఇఱుకైన లోయ యేర్పడినది. కొండలు దాటినంతనే వాలు తగ్గును. వాలు తగ్గగా వేగము తగ్గును. వేగము తగ్గగా మోసికొనివచ్చిన ఒండ్రుమట్టిని నది విడుచును. అట్లు విడిచిన మట్టి ముక్కోణాకారముగా సముద్రములోనికి చొచ్చుకొనిపోయి డెల్టా యగును. ధవళేశ్వరము దిగువను నది గౌతమీ వసిష్ఠలను ప్రధానపాయలుగా చీలును; నదిలో కలియునది ఉపనది, నదినుండి విడివడునది పాయ. ఈ చీలికకు పైభాగమున, డెల్టా తలయందు, సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్ట, అక్కడినుండి నీరు తన వాలుననే కాలువలద్వారా పొలములకెల్ల చేరగల సౌలభ్యము నాశ్రయించి నిలిచినది. స్థలజ్ఞానము అన్నముగా మాఱిన విధమునకు ఇది నిదర్శనము. గోదావరీ కృష్ణా డెల్టాల నడుమ పల్లముగా మిగిలినది కొల్లేటి మంచినీటిసరస్సు; సముద్రమునుండి శ్రీహరికోట ఇసుకమేటచే వేఱుపడినది పులికాటు ఉప్పునీటికయ్య.

వాతావరణము, శీతోష్ణస్థితి

ఒకనాటి ఎండ, వాన, గాలి వాతావరణము; దీర్ఘకాలపు సగటుస్థితి, సాధారణముగా ముప్పది సంవత్సరములది, శీతోష్ణస్థితి. దీనిని నిర్ణయించునవి అక్షాంశము, ఎత్తు, సముద్రసామీప్యము, గాలుల దిశ, పర్వతముల అమరిక. ఎత్తు పెరిగినకొలది కిలోమీటరునకు సగటున 6.5 సెల్సియసు డిగ్రీల వేడిమి తగ్గును. విశాఖమన్యములోని లంబసింగి, తీరమునకు అనతిదూరముననే యుండియు, శీతకాలమున గడ్డకట్టు చలిని చవిచూచుటకు ఎత్తు ఒక కారణము.

ఋతువునుబట్టి దిశమార్చుకొను గాలులు ఋతుపవనములు. జూను మొదలు సెప్టెంబరువఱకు వీచు నైరృతిపవనములు పడమటికనుమలను తాకి పైకెగసి చల్లబడి ఆవలివైపున కుంభవృష్టి కురిపించి, ఈవలివైపునకు దిగునప్పటికి పొడివాఱును. కొండచాటున వర్షము కొఱవడు ఇట్టి నేల వర్షచ్ఛాయాప్రదేశము; ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే గల అనంతపురము ఇందులోనిది. నెల్లూరు సీమకు అక్టోబరు మొదలు డిసెంబరువఱకు గల ఈశాన్యకాలపు వానలే ప్రధానములు. ఆ కాలముననే బంగాళాఖాతమున అల్పపీడనములు వాయుగుండములై, తుపానులుగా మాఱును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, చదునైన డెల్టాతీరమునకు తుపానుగాలి తఱిమిన సముద్రజలము ఎంతటి యుపద్రవమో చూపినది. డెల్టాకు సారము నిచ్చిన పల్లమే దానికి ప్రమాదమును దెచ్చినది.

మానవుడు, స్థలము

జనావాసమునకు స్థలము, స్థితి అను రెండు భావనలు ముఖ్యములు. ఊరు నిలిచిన నేల స్థలము. చుట్టుపట్లతో దానికి గల సంబంధము స్థితి. విజయవాడను చూడుడు: కృష్ణానది ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ నిఱుకై పాఱుట దాని స్థలము, కొండలకు దిగువ డెల్టా తలయందును, ఉత్తరదక్షిణములకు తీరమువెంట సాగు మార్గమునకును తెలంగాణమునుండి వచ్చు మార్గమునకును కూడలియందును ఉండుట దాని స్థితి. మొదటిది ఆనకట్టకు, తరువాత 1957లో ప్రకాశము బారేజికి తావిచ్చెను. రెండవది దానిని మహా రైలుకూడలిగా, వర్తకనగరముగా చేసెను.

ప్రకృతియే మనుష్యుని జీవనమును శాసించునని కొందఱు ప్రతిపాదింపగా, ఫ్రాన్సు దేశీయుడైన విడాల్ ద లా బ్లాష్ (1845–1918), ప్రకృతి పలు అవకాశములను ముందుంచుననియు, వానిలో నెన్నుకొనునది మానవసమాజమనియు వాదించెను. నది గోదావరిజిల్లాల పొలములప్రక్కనే అనాదిగా ప్రవహించెను గాని, ఆనకట్టకు పూర్వము ఆ సీమ కఱవులను చవిచూచినది. కావున రెండవ వాదమే యుక్తతరము. 2011 జనగణనప్రకారము చదరపు కిలోమీటరునకు పశ్చిమగోదావరి జిల్లాలో 500 మందికి పైగా, అనంతపురము జిల్లాలో 200 మందికి కొంచెము పైగా నివసించుచుండిరి. ఈ అంతరమున నీరు, నేల, కాలువ, చరిత్ర అన్నియు చేరియున్నవి.

సమానలక్షణములచే నొకటిగా భావింపదగిన భూభాగము ప్రాంతము. నల్లరేగడి సీమ, వర్షచ్ఛాయాసీమ అనునవి ఏకలక్షణప్రాంతములు. ఒక నగరమునకు పాలు, కూరగాయలు, కూలీలు వచ్చుచుండు పరిసరము కార్యసంబంధప్రాంతము. జిల్లా, రాష్ట్రము పరిపాలనప్రాంతములు. ఈ మూడింటి హద్దులును ఒకదానితో నొకటి సరిపడవు. ఈ యంతరము నెఱుంగుట కేవల పాండిత్యము కాదు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులవఱకు పొంగినది. అట్టి వఱదలకు నీరు విదర్భమునుండి ప్రాణహితద్వారా, బస్తరుమన్యమునుండి ఇంద్రావతిద్వారా వచ్చి చేరును. దిగువను పాపికొండల ఇఱుకుదారి దాని పోకను మందగింపజేయును. పరిపాలనప్రాంతములు విడివిడిగా నున్నను పరీవాహకప్రాంతము ఒక్కటియే గనుక, భద్రాచలవాసి క్షేమము తాను ఎన్నడును చూడని సీమలలోని వానకొలతపైనను, ఆ కొలతను సకాలమున క్రిందికి తెలుపువారిపైనను ఆధారపడియున్నది. అక్షాంశమునుండి పరీవాహకమువఱకు ఈ శాస్త్రము నేర్పు పదములన్నియు ఇట్టి ఆధారసంబంధములను ముందుగా గుర్తించుటకై యేర్పడిన సాధనములు. పాఠశాలయందు వానిని శ్రద్ధతో బోధించుట భావిపౌరుని తన నేలపట్ల బాధ్యుని చేయుట.